అద్దెకెవరూ లేని ఊరు

"ఈ నగరంలో ఇకమీదట అద్దె కట్టేవాడి కంట నీరు కనబడితే, అది నా కంట్లోంచి వచ్చినట్టే లెక్క" అని మేయరుగారు ప్రకటించారు. ప్రకటించి, ఎందుకైనా మంచిదని కళ్ళు కూడా తుడుచుకున్నారు. మర్నాడు పేపర్లన్నీ ఆ తుడుచుకోవడాన్ని మొదటి పేజీలో రంగుల్లో వేశాయి.

మేయరుగారికి అద్దెదారుల కష్టం తెలియనిది కాదు. సొంతింటికి పాలరాయి వేయించినప్పుడు ఆయన కొన్నాళ్ళు హోటల్లో ఉన్నారు. పొద్దున్నే లేవగానే ఈ గోడ నాది కాదు గదా అని గుండె కలుక్కుమనేదని సభలో చెబుతున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది. ఊళ్ళో తనకి ఎన్ని ఇళ్ళున్నాయో ఆయనకే తెలియదు. నిరాడంబరులు ఇలాంటివి లెక్కపెట్టుకోరు.

పథకం పేరు 'సరసమైన అద్దె, సుఖమైన నిద్ర'. ఊరు చిన్నది, కాలేజీలు ఎక్కువ. చదువుకోవడానికి వచ్చిన పిల్లలూ, ఉద్యోగాలకి వచ్చిన పెద్దలూ సంపాదించిందంతా నాలుగు గోడలకి ధారపోసి, ఆ గోడల మధ్య కూర్చుని ఏం తినాలా అని ఆలోచిస్తున్నారు. ఇకనుంచి అందరి అద్దెలూ మూడోవంతు తగ్గిపోతాయి. షరతు ఒక్కటే. అద్దెకున్న మనిషి ఆఫీసుకొచ్చి 'నేను అద్దెకుంటున్నాను' అనాలి. ఇంటి ఓనరు కూడా పక్కనే నిలబడి 'అవును, ఉంటున్నాడు' అనాలి.

"ఓనరు ఎందుకొస్తాడు సార్?" అని ఒక విలేఖరి అడిగాడు.

"మనస్సాక్షి పిలుస్తుంది" అన్నారు మేయరుగారు. దాంతో ప్రెస్‌మీట్ ముగిసింది, టీలొచ్చాయి.

ఇంత పథకానికి ఒక అధికారి కావాలి కదా. మునిసిపాలిటీలో కుక్కల లైసెన్సుల విభాగంలో చాలాకాలం పనిచేసి, ఒక్కసారి కూడా కరిపించుకోని ఒకాయన ఉన్నాడు. అంత నేర్పరి ఇంకెవరూ దొరకరని ఆయన్నే అద్దెల అధికారిగా వేశారు. జీతం పెరగలేదు గానీ కుర్చీకి చేతులొచ్చాయి.

అద్దెల అధికారి ఆ ఆర్డరు పట్టుకుని ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఆయన ఆనందం కుర్చీ గురించి కాదు. ఆయన కూడా అద్దె ఇంట్లోనే ఉంటున్నాడు. ఒకటిన్నర గది. ఆ అరగదిలోనే వంట, అందులోనే బట్టలు ఆరేసే తాడు. భార్యకి ఐదో నెల. మంచం పక్కన ఉయ్యాలకి చోటు లేదు, ఉయ్యాల పెడితే మంచానికి చోటు లేదు. వాళ్ళ వాటాని ఆనుకుని ఒక పక్క గది తాళం వేసి ఉంది. పెద్ద కిటికీ, మంచి గాలి. ఆ కిటికీ అద్దంలోంచి లోపలికి చూసి, ఉయ్యాల ఎక్కడ వేలాడాలో ఆవిడ ఏనాడో ఖాయం చేసుకుంది. అద్దె మూడోవంతు తగ్గితే, ఆ మిగిలిన దాంతో పక్క గది తీసుకోవచ్చు. ఇంకేం కావాలి మనిషికి?

"మొట్టమొదటి అద్దెదారుగా నా పేరే రాసుకుంటా" అన్నాడు.

"ముందు మీ అక్కగారిని అడగండి" అంది భార్య.

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. ఎప్పుడో పాత రోజుల్లో, అద్దెకిచ్చిన వాటాల మీద మునిసిపాలిటీ పన్ను వేసింది. బంధువులుంటే పన్ను లేదంది. ఆ పుణ్యమా అని ఊరంతా బంధువులైపోయారు. ఇల్లు వెతుక్కునేవాడు ముందు అడ్వాన్సు మాట్లాడుకుని, ఆ తర్వాత వరస మాట్లాడుకుంటాడు. తమ్ముడైతే ఒక అద్దె, బావమరిదైతే ఇంకొంచెం తక్కువ. అల్లుడు వరస కావాలంటే మాత్రం అద్దె ఎక్కువ, మర్యాద చేయాలి గనక. ఖాళీ చేసి వేరే వీధికి మారినప్పుడు నిన్నటి కొడుకు ఇవాళ వియ్యంకుడైపోతాడు. ఎవరూ ఏమీ అనుకోరు.

మన అధికారి ఉండేది ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌గారి ఇంట్లో. ఆవిడ ఏ పనైనా పద్ధతిగా చేస్తుంది. నెలనెలా అద్దె తీసుకున్నాక గుమ్మంలో నిలబెట్టి మౌఖిక పరీక్ష పెడుతుంది.

"నేను నీకేమవుతాను?"

"అక్క."

"ఎలాంటి అక్క?"

"సొంతక్క."

"నీళ్ళు నమలకుండా చెప్పు."

మేడ మీద రేకుల గదిలో లా చదివే అమ్మాయి ఒకతి ఉంటోంది. ఆ అమ్మాయి ఇంట్లో దిగినప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌గారు మునిసిపాలిటీ వాళ్ళకి 'మేనకోడలు, మా ఒక్కగానొక్క తమ్ముడి కూతురు' అని చెప్పింది. అప్పటికి తమ్ముడంటూ ఎవరూ లేరు, ఇబ్బంది లేకపోయింది. తర్వాత మన అధికారి కింద వాటాలో తమ్ముడిగా దిగాడు. ఒక్కగానొక్క తమ్ముడు కాబట్టి ఆ పిల్ల ఈయన కూతురే కావాలి. తనకింకా వెంట్రుక నెరవలేదనీ, లా చదివే కూతురేమిటనీ ఆయన మొత్తుకున్నాడు. "అన్నీ మనకి అనుకూలంగా ఉంటాయా, సర్దుకుపోవాలి" అందావిడ. సర్దుకుపోయాడు. ఆ పిల్ల కూడా తుంటరిది, మెట్ల మీద ఎదురైనప్పుడల్లా 'నాన్నగారూ, పాల ప్యాకెట్ వచ్చిందా?' అని అడిగేది.

అద్దెల ఆఫీసుని మేయరుగారి బావమరిది భవనంలో మూడో అంతస్తులో పెట్టారు. పరాయివాళ్ళకి అద్దె కట్టేకన్నా మనవాళ్ళకి కడితే డబ్బు కళ్ళ ముందుంటుందని మేయరుగారి ఉద్దేశం. లిఫ్ట్ లేదు. అద్దె మాత్రం లిఫ్ట్ ఉన్నట్టే ఉంది. గోడ మీద మేయరుగారు కళ్ళు తుడుచుకుంటున్న ఫ్లెక్సీ కట్టారు. అధికారి రోజూ పది కాకుండానే వచ్చి, మనస్సాక్షి పిలిచిన ఓనర్ల కోసం ఎదురుచూశాడు. నెల గడిచింది. నీళ్ళ క్యాను వేసేవాడు తప్ప ఎవరూ రాలేదు. ఆ క్యాను వాడు కూడా బయటే పెట్టి పోయేవాడు.

ఒకరోజు లా చదివే అమ్మాయి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఈసారి తుంటరితనం లేదు. వచ్చే నెల నుంచి అద్దె పెంచుతానని హెడ్‌మిస్ట్రెస్‌గారు చెప్పిందట. లేకపోతే ఖాళీ చేయమందట. ముందు పరీక్షలున్నాయి, ఇంటి దగ్గర్నుంచి అంత తెప్పించుకోవడం కుదరదు, చదువు మానేసి వెళ్ళిపోవడమే దారి అని చెప్పింది.

"ఓనర్ని తీసుకురామ్మా, ఇప్పుడే రాసేస్తాను" అన్నాడు అధికారి.

"ఓనరు మీ అక్కగారే కదా సార్."

"ఆఫీసులో ఆ వరసలొద్దు."

"పోనీ ముందు మీరు చెప్పండి, అద్దెకుంటున్నానని. మీరు ఒక్కరు చెబితే చాలు, ఆ పక్కన నిలబడి నేనూ చెబుతాను. ఇద్దర్నీ ఒకేసారి వెళ్ళగొట్టలేదు కదా ఆవిడ."

వెళ్ళగొట్టగలదని అధికారికి బాగా తెలుసు. ఒక క్లాసు మొత్తాన్ని ఒకేసారి ఎండలో నిలబెట్టిన మనిషి ఆవిడ. కానీ పిల్ల అన్నది నిజమేనని కూడా తెలుసు. కుక్కల విభాగంలో నేర్చుకున్న మాట ఒకటుంది, దాన్నే వాడాడు. "చూద్దాం" అన్నాడు.

ఆఫీసుకి ఎవరూ రావడం లేదన్న సంగతి మేయరుగారి దాకా వెళ్ళింది. ప్రజలు మన దగ్గరికి రాకపోతే మనమే ప్రజల దగ్గరికి వెళ్ళాలని ఆయన గొప్ప నిర్ణయం తీసుకుని, అధికారిని వెళ్ళమన్నారు. ఫొటోలకని తన పబ్లిసిటీ ఆఫీసరుని తోడిచ్చారు. ఇంటింటి సర్వే మొదలైంది.

సర్వేలో తేలిన విశేషాలు కళ్ళు చెమర్చేలా ఉన్నాయి. మొదటి వీధిలో ఒక మూడు గదుల ఇంట్లో దంత వైద్యం చదివే కుర్రాళ్ళు డజను మంది దొరికారు. అందరూ నా కొడుకులే అన్నాడు ఓనరు. అందరూ ఒకే ఈడు వాళ్ళలా ఉన్నారేమిటని అడిగితే, తిండి మంచిది అన్నాడు. రెండో వీధిలో ఒక దర్జీ, తన ఓనరు కన్నా వయసులో పెద్దవాడు, ఆయనకి మనవడు. తాతయ్య ఎలా ఉన్నాడని అడిగితే, చిన్నవాడు కదండీ బాగానే ఉన్నాడు అన్నాడు. ఒక ఇంట్లో ఓనరుకీ, అద్దెకున్నాయనకీ అధికారి ఎదుటే మాట తేడా వచ్చింది. ఒకాయన బావ అన్నాడు, ఇంకొకాయన బాబాయి అన్నాడు. ఇద్దరూ లోపలికెళ్ళి మాట్లాడుకుని వచ్చి, రెండువైపులా చుట్టరికముందని చెప్పారు. పబ్లిసిటీ ఆఫీసరు ప్రతి ఇంటి ముందూ అందర్నీ దగ్గరగా నిలబెట్టి గ్రూప్ ఫొటో తీశాడు.

చివరికి అధికారి సొంత వీధి వచ్చింది. సొంత గుమ్మమూ వచ్చింది. అధికారి తలుపు కొట్టి, తన ఇంట్లో ఎవరుంటున్నారని తానే అడగవలసి వచ్చింది.

హెడ్‌మిస్ట్రెస్‌గారు చీర కొంగు సవరించుకుని వచ్చింది. "ఇతను మా తమ్ముడు. అదిగో, అది మరదలు. మేడ మీదున్నది మేనకోడలు."

"అంటే ఈయన కూతురా?" పబ్లిసిటీ ఆఫీసరు కెమెరా దించాడు. "సార్ వయసెంత?"

"పెంచుకున్నాడు" అంది ఆవిడ రెప్ప వేయకుండా. "మా తమ్ముడిది మెత్తటి మనసు."

అధికారి భార్య గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె చూపు మాటిమాటికీ పక్క గది తాళం మీదికి పోతోంది. పైన పిట్టగోడ దగ్గర ఆ పిల్ల పుస్తకం గుండెకి హత్తుకుని కిందికి చూస్తోంది. ఇప్పుడు అనాలి, 'నేను అద్దెకుంటున్నాను' అని. రెండు మాటలు. అధికారి నోరు తెరిచాడు. ఏడో నెలలో భార్యని వెంటబెట్టుకుని, వంట సామాను నెత్తిన పెట్టుకుని, ఊళ్ళో కొత్త అక్కని వెతుక్కుంటున్నట్టు కళ్ళకి కట్టింది. తెరిచిన నోటితో ఆవులించి, 'ముగ్గురూ బంధువులే' అని రాసి సంతకం పెట్టాడు. పిట్టగోడ దగ్గర పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. అధికారికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ రోజు అన్నం సయించలేదు.

రిపోర్టు చదివి మేయరుగారు నిలబడిపోయారు. నగరంలో అద్దెకున్నవాడు ఒక్కడూ లేడు. పథకం పెట్టిన ఒక్క సీజన్లో అద్దె సమస్య సమూలంగా పోయింది. ప్రెస్‌మీట్ పెట్టి, ఇతర నగరాలు అద్దెలు తగ్గించడానికి ఆపసోపాలు పడుతుంటే మనం అద్దెనే లేకుండా చేశామన్నారు. ఇది నగరం కాదు, ఒక ఉమ్మడి కుటుంబం అన్నారు. ఈసారి కన్నీళ్ళు నిజంగానే వచ్చాయని దగ్గరగా కూర్చున్నవాళ్ళు చెప్పారు. బయటి నగరాల నుంచి అధ్యయన బృందాలు కూడా వస్తామని రాశాయి.

అంతా బాగుందనుకుంటుండగా కమిషనరుగారు ఒక పానకంలో పుడక తెచ్చారు. రిపోర్టులో చిన్న లోపం ఉందనీ, నగరంలో ఒక అద్దెదారు మిగిలిపోయాడనీ మేయరుగారి చెవిలో చెప్పారు.

"ఎవరు వాడు?"

"మన అద్దెల ఆఫీసే సార్. మీ బావమరిదిగారికి నెలనెలా అద్దె కడుతున్నాం."

మేయరుగారు బావమరిదిని పిలిపించి, ఆఫీసు నీకు బంధువని ఒక్క మాట చెప్పమని బతిమాలారు. బావమరిది చేతులు జోడించాడు. తనకి బంధువులంటే మొదట్నుంచీ భయమనీ, వాళ్ళకి ఇళ్ళిస్తే అద్దె రాదనీ, కావాలంటే తననే బంధువు కాదనుకోమనీ అన్నాడు. కాబట్టి ఆఫీసే మారాలి. మారాలంటే ఓనరు బంధువై ఉండాలి. నగరంలో అద్దెల ఆఫీసుకి బంధువులెవరున్నారా అని రిపోర్టు తిరగేస్తే, అధికారిగారికి సొంతక్క ఉన్నట్టు, ఆవిడకి సొంతిల్లున్నట్టు సంతకంతో సహా కనిపించింది.

"మీ అక్కగారింట్లో గది ఏదైనా ఖాళీ ఉందా?" అని కమిషనరుగారు అడిగారు.

తాళం వేసి ఉన్న పక్క గది సంగతి అధికారి చెప్పక తప్పలేదు.

హెడ్‌మిస్ట్రెస్‌గారు పక్క గదికి మామూలు కన్నా ఎక్కువ అద్దె చెప్పింది. ఆఫీసంటే జనం వస్తారు, గడప అరుగుతుంది అంది. మునిసిపాలిటీ మాత్రం తోబుట్టువుల మధ్య అద్దె అనే మాట తెచ్చి అనుబంధాన్ని అవమానించలేనని తేల్చేసింది. అందువల్ల ఆ అద్దె అధికారి జీతంలోంచి కట్టాలని, నోటిమాటగా, ఎవరూ ఎక్కడా రాసుకోకుండా నిర్ణయమైంది. ఇప్పుడాయన ఒకటిన్నర గదికి ఒక అద్దె, ఆఫీసుకి ఒక అద్దె కడుతున్నాడు. అద్దెల అధికారికి అద్దెల గురించి ఇంత లోతైన అవగాహన ఇంకే నగరంలోనూ లేదు.

తాళం తీసి సామాను చేరవేస్తున్నప్పుడు భార్య గుమ్మంలో నిలబడి చూసింది. కూలీలు టేబులు తెచ్చి కిటికీ పక్కన వేశారు.

"సరిగ్గా అక్కడే వేయాలా?" అంది.

"వెలుతురు ఉంటుందని..." అన్నాడు.

ఆవిడ లోపలికెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండునని అధికారికి అనిపించింది. ఏడుపొచ్చింది. మేయరుగారిలా నలుగురి ముందూ తుడుచుకునే అవకాశం లేక, టేబులు సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు తల దూర్చాడు.

ఆఫీసు ప్రారంభోత్సవానికి మేయరుగారే స్వయంగా వచ్చారు. వీధి ఊడ్చారు. కిటికీ మీద 'సరసమైన అద్దె, సుఖమైన నిద్ర' అని బోర్డు కొట్టారు. సోదరుడి ఆఫీసుకి చోటిచ్చిన ఆదర్శ సోదరిగా హెడ్‌మిస్ట్రెస్‌గారికి శాలువా కప్పారు. రిబ్బను కత్తిరించి, చప్పట్లయ్యాక, ఎవరైనా మాట్లాడతారా అని మేయరుగారు అడిగారు. ఎవరూ మాట్లాడరన్న ధైర్యంతో అడిగే మాట అది.

లా చదివే అమ్మాయి జనంలోంచి వచ్చి, శాలువా కప్పుకున్న హెడ్‌మిస్ట్రెస్‌గారి పక్కన నిలబడింది.

"నేను అద్దెకుంటున్నాను" అంది. "ఓనరుగారు నా పక్కనే ఉన్నారు. ఇది ఆఫీసే. మీరు చెప్పిన షరతు ప్రకారమే వచ్చాను."

మేయరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నగరంలో అద్దెదారు దొరికిపోయింది, అదీ ఫొటోగ్రాఫర్ల ముందు.

"అదేం లేదు, మా మేనకోడలు. పొద్దున్న కాఫీ ఆలస్యమైందని అలిగింది" అంది హెడ్‌మిస్ట్రెస్‌గారు.

అందరూ అధికారివైపు తిరిగారు. తండ్రి ఆయనే కదా. ఆ పిల్ల కూడా చూసింది. అధికారి పక్కనే తెరిచి ఉన్న తన వాటా గుమ్మంలోంచి చూశాడు. లోపల అరగదిలో భార్య స్టవ్ దగ్గర నడుం పట్టుకుని నిలబడి ఉంది.

"మా అమ్మాయేనండి" అన్నాడు.

మేయరుగారికి ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతోపాటు న్యాయదృష్టి కూడా లేచొచ్చింది. ఏం కష్టమొచ్చిందమ్మా అని పిల్లని అడిగారు. మా అత్తయ్య నా దగ్గర నెలనెలా తీసుకునేది పెంచేసింది, కట్టలేకపోతున్నాను అంది ఆ పిల్ల, లా చదువుతోంది కాబట్టి అద్దె అనే మాట ఎత్తకుండా. అది ఇంటి ఖర్చులకి తీసుకుంటున్నానంది హెడ్‌మిస్ట్రెస్‌గారు. మేయరుగారు ఇద్దరి మాటా విని, కళ్ళు మూసుకుని, తెరిచి తీర్పు చెప్పారు.

"చదువుకునే పిల్ల చేత ఖర్చులు పెట్టించడం అన్యాయం. ఈ క్షణం నుంచి ఈ అమ్మాయి పైసా ఇవ్వక్కర్లేదు."

చప్పట్లు మోగాయి. హెడ్‌మిస్ట్రెస్‌గారు శాలువా తీసి చేతిలో పట్టుకుంది. మరి ఆ ఖర్చు ఎవరిస్తారని అడిగింది.

"అదేమిటమ్మా, తండ్రి లేడా?" అన్నారు మేయరుగారు.

"అదీ న్యాయమే" అని ఆవిడ శాలువా మళ్ళీ కప్పుకుంది.

పబ్లిసిటీ ఆఫీసరు నలుగుర్నీ దగ్గరగా నిలబెట్టి, నవ్వమన్నాడు. నలుగురూ నవ్వారు.

సాయంత్రం ఆ పిల్ల కిందికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, ఇలా అవుతుందని తాననుకోలేదంది. కళ్ళెత్తి చూడలేకపోయింది. అధికారి పరీక్షలు బాగా రాయమన్నాడు. తండ్రులు అనే మాట అదొక్కటే ఆయనకి తెలుసు. భార్య లోపలినుంచి వచ్చి, ఆ పిల్ల చేతిలో టీ గ్లాసు పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పేపర్లో సగం పేజీ వార్త వచ్చింది. అధికారి ఆఫీసు టేబులు దగ్గర, అంటే ఉయ్యాల ఉండవలసిన చోట కూర్చుని చదువుతున్నాడు. భార్య గుమ్మంలోకి వచ్చింది. నిన్నటి నుంచి ఆవిడ ఆయనతో మాట్లాడడం అదే మొదలు.

"ఏం రాశారు?"

"పథకం ఫలించిందట. మొదటి లబ్ధిదారు మన ఇంట్లోనే ఉందట."

"లాభం ఎవరికొచ్చింది?"

అధికారి పేపరు మడిచి, పై కప్పు వంక చూశాడు. రేకుల గదిలోంచి చదువుకుంటున్న గొంతు సన్నగా వినిపిస్తోంది.

"మన పెద్దమ్మాయికి" అన్నాడు.